ఖాళీలు చదవండి

మధ్యాహ్నం పన్నెండూ పదికి రైల్వే స్టేషన్ నాలుగో నంబర్ ప్లాట్‌ఫామ్ మీద పిచ్చుక అనే మారుపేరున్న గూఢచారి కుప్పకూలాడు.

తుపాకి చప్పుడు ఎవరికీ వినబడలేదు. ఇంజన్ కూత వేసే క్షణం చూసి కాల్చారు. జనం గుండెపోటు అనుకుని చుట్టూ మూగారు. ఒక పెద్దావిడ తన సీసాలోని నీళ్లు అతని నోట్లో పోసింది. ఆ నీళ్లు గొంతు దిగలేదు గాని, కోటు గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్‌లో పిచ్చుక రెండే రెండు మాటలు చెప్పగలిగాడు.

"ఖాళీలు చదవండి."

అతని జేబులో రైలు టికెట్టు, చేతిరుమాలు, ఒక కళ్లజోడు పెట్టె దొరికాయి. పెట్టెలో కళ్లజోడు లేదు. వరసగా నంబర్లు వేసిన గాజు గొట్టాల్లో నలభై తీగముక్కలు ఉన్నాయి. తెల్లగా, సన్నగా, ఒక్కొక్కటి అగ్గిపుల్లంత పొడవు.

మర్నాడు ఉదయం డిపార్ట్‌మెంట్ ఆఫీసులో చీఫ్ ఆ పెట్టెను టేబుల్ మీద గోరింక ముందుకు తోశాడు.

"కూర్చో."

"నిలబడే వింటాను సర్."

గోరింక నిన్నటి నుంచి కుదురుగా కూర్చోలేదు. పిచ్చుక ఆమెతో తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఇద్దరూ కలిసి మూడు సరిహద్దులు దాటారు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ పిట్టల పేర్లే. అతని అసలు పేరు ఆమెకు తెలియదు, ఆమె పేరు అతనికీ తెలియదు. ఇప్పుడు ఆ సంగతే ఆమెను ఎక్కువగా బాధపెడుతోంది.

"ప్లాటినం," అన్నాడు చీఫ్. "మన ల్యాబ్ రాత్రంతా కుస్తీ పట్టింది. ఎక్స్‌రే తీశారు. మైక్రోస్కోప్ కింద పెట్టారు. యాసిడ్‌లో ముంచారు. నూటికి నూరుపాళ్లు శుద్ధమైన లోహం. గీత లేదు, అక్షరం లేదు."

"మరి ఖాళీలు?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరు గుమాస్తాలు నెల రోజుల పేపర్లు ముందేసుకుని ఉద్యోగ ఖాళీల ప్రకటనలన్నీ చదివారు. అందులో ఒకడు దేనికో అప్లికేషన్ కూడా పెట్టినట్టున్నాడు."

గోరింక నవ్వలేదు. కిటికీ దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది.

"పిచ్చుక ఎక్కడి నుంచి వస్తున్నాడు?"

"మనం నిఘా పెట్టిన విదేశీ ముఠా నడిపే తీగల కార్ఖానా నుంచి. అతని రూటు నాకు తెలుసు, నెమలికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు."

నెమలి డబుల్ ఏజెంట్. పైకి నగల డిజైనర్. పట్టు సూట్లు, వేళ్లకు ఉంగరాలు, మనిషి వచ్చి వెళ్లిన గంట దాకా వీడని సెంటు వాసన. ముఠా అతన్ని తమ మనిషే అనుకుంటుంది. అతడు మాత్రం తన విధేయత డిపార్ట్‌మెంట్‌కేనని ఏడేళ్లుగా చెబుతున్నాడు.

"లోహాల గురించి తెలిసిన బయటి మనిషి ఒకరు కావాలి," అన్నాడు చీఫ్. "తూనికలు కొలతల ప్రయోగశాలలో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడట. ఇప్పటికీ రోజూ వెళ్లి పాత కొలిమి ముందు కూర్చుంటాడట. పెట్టె తీసుకుని నువ్వే వెళ్లు. చిరునామా ఇదిగో."

చిరునామా చూడగానే గోరింక ముఖంలో రంగు మారింది.

"ఏం, తెలిసినాయనా?"

"మా మామగారు సర్."

*

పెద్దాయన తలెత్తి కోడలిని చూశాడు. ఆమె చేతిలో ఉన్న ప్రభుత్వ ముద్ర వేసిన కవరు చూశాడు. మళ్లీ కోడలిని చూశాడు.

"బీమా ఆఫీసు నుంచి ఇలా వచ్చావేంటమ్మా?"

"కవరు చదవండి మామయ్యా."

ఆయన చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. కొలిమి మీది సూది వెయ్యి డిగ్రీల దగ్గర సన్నగా వణుకుతోంది.

"పదకొండేళ్లు," అన్నాడు. "పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. మొన్నటికి మొన్న నీ భుజానికి కట్టు ఉంటే ఆఫీసులో ఫైళ్ల బీరువా మీద పడిందన్నావు. మీ అత్తయ్య ఆ బీరువాని ఎన్ని తిట్లు తిట్టిందో!"

"బీరువా కాదు మామయ్యా."

"అర్థమైంది." ఆయన కవరును విసురుగా పక్కన పడేసి, ఆమె తెచ్చిన పెట్టె అందుకున్నాడు. "మా అబ్బాయికి తెలుసా?"

"ఓడ మీదున్న మనిషికి ఈ దిగులు కూడా ఎందుకని చెప్పలేదు." ఆమె స్వరం తగ్గింది. "నా తోటి మనిషిని నిన్న చంపేశారు. చనిపోతూ 'ఖాళీలు చదవండి' అన్నాడు. నాకేమీ తోచడం లేదు."

ఆ మాట వినగానే ఆయన చెయ్యి పెట్టె మీద ఆగిపోయింది.

"ఏమన్నాడూ? మళ్లీ చెప్పు."

"ఖాళీలు చదవండి."

"చదువుకున్నవాడే!" పెద్దాయన గబగబా లేచాడు. కోపం ఎటుపోయిందో తెలియదు. "ఇలా రా. ఎంత శుద్ధమైన లోహమైనా సరే, లోపల అణువులు వరసల్లో కూర్చుని ఉంటాయి. బడిలో పిల్లల్లా. వేడి చేస్తే కదులుతాయి, వణుకుతాయి. అక్కడొకటి అక్కడొకటి చోటు వదిలి లేచిపోతుంది. అది కూర్చున్న చోటు ఖాళీ. మేం దాన్ని ఖాళీ అనే అంటాం. వేడి పెరిగేకొద్దీ ఖాళీలు ఒకటీ రెండూ కాదు, ఎగబాకుతూ పెరుగుతాయి. కరిగే దశకు వచ్చేసరికి పది వేల చోట్లకు కొన్ని ఖాళీగా ఉంటాయి."

"మురికి చేరినట్టా?"

"కాదమ్మా! బయటి నుంచి ఏమీ చేరదు. అందుకే మీ యాసిడ్లకు దొరకలేదు. నిదానంగా చల్లార్చావనుకో, ఈ ఖాళీలు మెల్లగా జరుగుతూ జరుగుతూ అంచుకు చేరి మాయమైపోతాయి. అదే ఎర్రగా ఉన్న తీగను ఒక్కసారిగా నీళ్లలో ముంచావనుకో, పిల్లల ఆటలో 'స్టాచ్యూ' అంటారు చూడు, అలా ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి."

గోరింక నలభై తీగల వైపు చూసింది. "అంటే కొన్ని నిదానంగా చల్లారినవి. కొన్ని నీళ్లలో ముంచినవి."

"చూపుకి రెండూ ఒకటే. కరెంటుకి కాదు. ఖాళీలున్న తీగ కాస్త ఎక్కువ అడ్డుకుంటుంది. మామూలు వేడిలో అణువుల వణుకు మధ్య ఆ తేడా తెలియదు. ద్రవ నైట్రోజన్‌లో ముంచితే వణుకు అణుగుతుంది, తేడా బయటపడుతుంది."

మూడు గంటలు పట్టింది. పెద్దాయన ఒక్కో తీగను పొగలు కక్కే చలిలోకి దించి, మీటరు చూసి, "ఎక్కువ" అనో "తక్కువ" అనో చెప్పాడు. గోరింక ఒకటి, సున్నా రాసుకుంటూ పోయింది. నిలబడి రాసింది, నడుస్తూ రాసింది. ఐదేసి తీగలకు ఒక అంకె. పాత టెలిగ్రాఫ్ కోడ్. మొత్తం ఎనిమిది అంకెలు.

ఆ నంబర్ చూడగానే ఆమె చేతిలో పెన్సిల్ విరిగింది.

అది పిచ్చుక సర్వీసు నంబర్. చీఫ్ గది బీరువాలో ఉండే రిజిస్టర్‌లో తప్ప ఇంకెక్కడా లేని నంబర్. ఆ రిజిస్టర్‌లో పదకొండు నంబర్లు ఉన్నాయి. ఒక్కో నంబర్ ఒక్కో ఫైలుకు తాళం లాంటిది, ఆ నంబర్ తెలిస్తే తప్ప విప్పలేని రహస్య లిపిలో ఫైల్లో అసలు పేరు, ఇంటి చిరునామా ఉంటాయి. రిజిస్టర్ కాపీ చేసినవాడు ఆ ఫైళ్ల కాపీలు కూడా ఈ పాటికి అటువైపు చేర్చే ఉంటాడు. వాటిని విప్పే నంబర్లు చేరడమే మిగిలింది.

మిగతా పదింటిలో ఒకటి ఆమెదే. ఆమె ఫైల్లో ఉన్నది ఈ మామగారి ఇల్లు, అత్తగారు, బడికి వెళ్లే కూతురు.

"మామయ్యా, పది నంబర్లు రాయాలంటే ఎన్ని తీగలు?"

"నాలుగు వందలు. ఎందుకమ్మా?"

*

నాలుగు వందల తీగల ప్లాటినం హారం ఒకటి రేపు అమ్ముడవుతోందని నెమలే కబురు పెట్టాడు. అతనే డిజైన్ చేసిన హారం. ఒక్క రాయి కూడా పొదగలేదు, మొత్తం తీగలే. నగల ప్రదర్శనలో విదేశీ మహిళ ఒకరు కొంటారు. రెండున్నరకు ఆమె కారు కదులుతుంది. ఆమెది డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్.

"ఆమె మీద చెయ్యి వేయలేం," అన్నాడు చీఫ్. "హారం లాక్కుంటే గొడవ. పైగా మనకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. హారం వెళ్లాలి. నంబర్లు వెళ్లకూడదు."

ఈసారి పెద్దాయన కూడా చీఫ్ గదిలోనే ఉన్నాడు. "చెరిపేయడం తేలికే," అన్నాడు. "నగల మీద రంగులు కాల్చి అద్దే ఎనామెల్ పనివాళ్ల చిన్న కొలిమి చాలు. తొమ్మిది వందల డిగ్రీల్లో రెండు నిమిషాలు ఉంచితే నాలుగు వందల తీగల్లోనూ పాత లెక్క పోయి ఒకే లెక్క వస్తుంది. తీసి నీళ్లలో వేయండి, మానండి. అన్నీ ఒకేలా ఉంటే చదవడానికి ఏముంటుంది? ప్లాటినం నల్లబడదు, మెరుపు తగ్గదు."

"నెమలి హారాన్ని పది నిమిషాలు మనకిస్తానన్నాడు," అన్నాడు చీఫ్. "కొలిమి దగ్గర మా మనిషిని పెడతాను."

"మీ మనిషికి రెండు నిమిషాలకూ నాలుగు నిమిషాలకూ తేడా తెలుసా? నేను వస్తాను."

"మామయ్యా, వద్దు," అంది గోరింక.

"నువ్వు పదకొండేళ్లు నా మాట అడిగి చేశావా?"

*

మరుసటి రోజు మధ్యాహ్నం రెండు గంటలు. హోటల్ హాలంతా గాజు పెట్టెలు, దీపాలు, ఫొటోగ్రాఫర్లు. ఒక మూల ఎనామెల్ పని చూపించే స్టాలు. అక్కడ తోలు ఏప్రన్ కట్టుకుని, అతికించిన మీసంతో పెద్దాయన కూర్చున్నాడు. మీసం దురద పెడుతోందని ఇప్పటికి మూడుసార్లు ఫిర్యాదు చేశాడు. గోరింక బూడిద రంగు సూట్‌లో, మెడలో బీమా కంపెనీ ఇన్‌స్పెక్టర్ బ్యాడ్జితో హాలంతా తిరుగుతోంది. ఆమె చెవికమ్మలో రిసీవర్ ఉంది.

నెమలి నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఈ రంగు వర్షాకాలానికి నప్పుతుందంటారా?"

"గొడుగు ఉంటే నప్పుతుంది."

కోడ్ సరిపోయింది. అతడు ఒక వెల్వెట్ సంచి ఆమె చేతిలో పెట్టాడు. "పది నిమిషాలే. పిచ్చుక సంగతి విని ఎంత కుమిలిపోయానో! నీకు చెప్పలేను."

సంచి చేతులు మారింది. పెద్దాయన పొడవాటి పట్టకారుతో హారాన్ని కొలిమిలోకి పంపాడు. గోరింక గడియారం చూసింది. పది సెకన్లు. ఇరవై. కొలిమి కన్నంలోంచి తొంగి చూస్తున్న పెద్దాయన ఉన్నట్టుండి హారాన్ని బయటికి లాగేశాడు.

"ఏమైంది?"

"నల్లబడింది." ఆయన ముఖం కూడా అలాగే ఉంది. "ఇది ప్లాటినం కాదమ్మా. వెండీ రాగీ కలిపి పైన పూత పూశారు. మనకిచ్చింది డూప్లికేట్."

గోరింక తలెత్తి హాలంతా కలియజూసింది. పిచ్చుక రూటు ఇద్దరికే తెలుసు. ఒకరు చీఫ్. చీఫ్ గదిలోకి అడ్డూ ఆపూ లేకుండా వచ్చి వెళ్లే ఏకైక బయటి మనిషి కూడా ఆ రెండోవాడే. హారం గురించి కబురు పెట్టిందీ తనను నమ్మించి, ఈ నకిలీని అంటగట్టడానికే.

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "గోరింకా, మేడమ్ కారు గుమ్మంలోకి వచ్చింది. పదకొండు నిమిషాలు."

హాలు అవతలి చివర విదేశీ మేడమ్ చేతిలో ఎర్ర తోలు పెట్టె ఉంది. ఆమె పక్కనే నెమలి. ఇద్దరూ గుమ్మం వైపు నడుస్తున్నారు.

గోరింక నల్లబడ్డ హారాన్ని పట్టకారుతోనే ఎత్తి పట్టుకుంది. నేరుగా నడిచి వెళ్లి వాళ్ల దారికి అడ్డంగా నిలబడింది.

"క్షమించాలి మేడమ్. బీమా ఇన్‌స్పెక్టర్ని. ఈ డిజైన్‌లో నకిలీ ఒకటి ఇప్పుడే హాల్లో దొరికింది." అందరికీ వినబడేలా చెప్పింది. "మీ దగ్గరున్నది అసలుదేనా, లేక ఇలాంటిదేనా?"

కెమెరాలు ఇటు తిరిగాయి. మేడమ్ నల్లటి హారాన్ని చూసింది, తన చేతిలోని పెట్టెను చూసింది. ఆమెకు తెలిసింది ఒక్కటే, అసలైన హారం తీసుకెళ్లాలని. తీగల్లో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఇది ఏమిటి?" అని నెమలిని అడిగింది. ఆమె తెలుగు నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా ఉంది. "నాకు ఏది ఇచ్చారు?"

"అసలుదే మేడమ్! ఈమె మాటలు..."

"పరీక్ష రెండు నిమిషాలే," అంది గోరింక. "మీ కళ్ల ముందే కొలిమిలో పెడతాం. అసలు ప్లాటినం అయితే పెట్టినట్టే బయటికొస్తుంది. నకిలీ అయితే దానితో విమానం ఎక్కే పని మీకు తప్పుతుంది."

"వద్దు!" అని అరిచాడు నెమలి.

హాలంతా అతని వైపు తిరిగింది.

"ఎందుకు వద్దు?" అంది మేడమ్.

నెమలి పెట్టెకు అడ్డంగా చెయ్యి చాపాడు. నిజం చెబితే ఇటువైపు ప్రాణం పోతుంది. చెప్పకపోతే అటువైపు ప్రాణం పోతుంది. ఏడేళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టి నడిచినవాడికి, ఇప్పుడు నిలబడడానికి ఒక్క పలక దొరకలేదు.

మేడమ్ ఎర్ర పెట్టె తెరిచి హారాన్ని స్వయంగా పెద్దాయన ముందు పెట్టింది.

"ఆరు నిమిషాలు," అన్నాడు చీఫ్ చెవిలో.

హారం కొలిమిలోకి వెళ్లింది. అదే క్షణంలో గోరింక పక్కటెముకల మీద గట్టిగా ఏదో ఆనింది. నెమలి ప్రదర్శన కేటలాగును చేతి మీద కప్పుకుని ఆమెను ఆనుకుని నిలబడ్డాడు. కేటలాగు కింద పిస్తోలు గొట్టం.

"తియ్యమని చెప్పు ముసలాయనకి," అన్నాడు పెదవులు కదలకుండా. "లేకపోతే ఇక్కడే."

"స్టేషన్‌లో కూడా ఇలాగే ఆనించావా?"

"తియ్యమని చెప్పు."

పెద్దాయనకు పిస్తోలు కనబడలేదు. కనబడింది చుట్టూ మూగిన జనం. నలభై ఏళ్లలో ఆయన మాట వినడానికి ఇంతమంది ఎన్నడూ నిలబడలేదు. ఆయన ఉత్సాహం ఆపుకోలేకపోయాడు.

"చూడండమ్మా, చూడండి బాబూ, లోపల ఇప్పుడు ఏం జరుగుతోందో చెబుతాను. అణువులన్నీ వణుకుతున్నాయి. కొన్ని చోటు వదిలి లేస్తున్నాయి. ఎంత శుద్ధమైన లోహమైనా, ఎంత ఖరీదైనదైనా వేడి తగిలితే ఖాళీలు రాక తప్పదు. అది లోహం తప్పు కాదు, వేడి ధర్మం..."

ఒక నిమిషం. కొలిమి కన్నం ఎర్రగా వెలుగుతోంది. గోరింక చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పిస్తోలు గొట్టం ఇంకా లోతుగా గుచ్చుకుంది. ఆమె కళ్లు పెద్దాయన మీదే ఉన్నాయి. ఆయన తన జన్మలో ఇంత సంతోషంగా ఉండగా ఆమె చూడలేదు. పెళ్లిలో కూడా చూడలేదు.

"కాల్చు," అంది మెల్లగా. "మూడొందల మంది ముందు. నీ ఫొటో రేపు రెండు దేశాల్లోనూ పడుతుంది. ఇద్దరూ వెతుకుతారు నిన్ను."

నెమలి చూపు నేల మీద పడింది. కొలిమి వైరు అతని బూటు పక్క నుంచే ప్లగ్గు దాకా పాకి ఉంది. ఒక్క తన్ను తన్నాడు. ప్లగ్గు ఊడింది. కొలిమి దీపం ఆరిపోయింది.

"అయ్యో," అన్నారు జనం.

నెమలి నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపే పెద్దాయన కొలిమి తలుపు చప్పున బిగించేశాడు.

"ఏం ఫర్లేదు నాయనా, నువ్వు మంచి పనే చేశావు. అందుకోవలసిన వేడి ఎప్పుడో అందింది. ఇప్పుడు తలుపు మూసి ఉంచితే నిదానంగా చల్లారుతుంది. నీళ్లలో వేస్తే నాలుగు వందలూ ఒకేలా చెడేవి. ఇలాగైతే ఒకేలా బాగుపడతాయి."

నెమలి ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. ఆ ఒక్క లిప్త చాలు గోరింకకు. ఎడమ మోచేయి అతని మణికట్టు మీద పడింది. కేటలాగు నేల మీద పడింది, పిస్తోలు ఆమె చేతిలోకి వచ్చింది. ఏప్రన్లు కట్టుకుని పక్క స్టాళ్లలో నిలబడ్డ నలుగురు డిపార్ట్‌మెంట్ మనుషులు నెమలిని రెండు చేతులా పట్టుకుని, కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని తీసుకెళ్తున్నట్టు పక్క గుమ్మంలోంచి తీసుకెళ్లారు.

ఆ గుమ్మం దాకా గోరింక వెంట వెళ్లింది. "పిచ్చుక అసలు పేరేంటి?" అని అడిగింది. "రిజిస్టర్ నువ్వే కాపీ చేశావు. ఫైలు చదివే ఉంటావు."

నెమలి చెప్పాడు. ఆమె ఆ పేరును ఒకసారి లోలోపల అనుకుంది.

"ఒక్క నిమిషం," అన్నాడు చీఫ్ చెవిలో.

పెద్దాయన హారాన్ని పట్టకారుతో బయటికి తీసి, కాసేపు గాలిలో పట్టుకుని ఎర్రని గుడ్డ మీద వేశాడు. తెల్లగా, కొత్తగా, మచ్చ లేకుండా మెరిసింది. జనం చప్పట్లు కొట్టారు. మేడమ్ ఊపిరి పీల్చుకుని, పెట్టె మూసుకుని, ఇద్దరికీ మర్యాదగా ధన్యవాదాలు చెప్పి కారెక్కింది. సరిగ్గా రెండున్నర.

హాలు ఖాళీ అయ్యాక గోరింక కుర్చీలో కూలబడింది. మూడు రోజుల్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"ఏమ్మా, అంత అలసిపోయావా?" అన్నాడు పెద్దాయన మీసం పీకేసుకుంటూ. అప్పుడే ఆయన చూపు టేబుల్ మీది పిస్తోలు మీద పడింది. దాన్ని వేలితో చూపించాడు. "ఇది... నేను ఉపన్యాసం చెబుతున్నంతసేపూ?"

"మొదటి మాట నుంచీ మామయ్యా."

ఆయన తన తోలు ఏప్రన్ విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. "అత్తయ్యకి నువ్వే చెప్పు," అన్నాడు. "నా వల్ల కాదు. నిజం తెలిస్తే ఆవిడ మొదట నన్నే నిలదీస్తుంది."

ఇరవై రోజుల తర్వాత డిపార్ట్‌మెంట్ వైర్‌లెస్ వాళ్లు సరిహద్దు అవతలి నుంచి వెళ్లిన ఒక సందేశాన్ని పట్టుకున్నారు. ముఠా ల్యాబ్ నాలుగు వందల తీగలనూ మూడుసార్లు కొలిచిందట, మూడు కొత్త మీటర్లు తెప్పించిందట. చివరికి ల్యాబ్ పెద్ద ఇలా రాశాడు: "తీగల్లో సమాచారం ఏమీ లేదు. అయితే ఇంత సమానంగా, ఇంత శుభ్రంగా చల్లార్చిన ప్లాటినం నా సర్వీసులో చూడలేదు. ఆ పనివాడు ఎవరో కనుక్కోండి, ఎంతైనా ఇచ్చి పిలిపించుకుందాం."

పెద్దాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఫ్రేము కట్టించుకుంటానని చీఫ్‌ని అడిగాడు. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఆయన పనిని మెచ్చుకుంటూ వచ్చిన మొదటి ఉత్తరం అది. దాని నెత్తిన 'అతి రహస్యం' అని ముద్ర వేసి ఉంది.